బ్యాంకాక్‌లో కాపురం పెట్టాక: థాయ్ తిండి తినడం, ఖర్చు చేయి దాటకుండా చూసుకోవడం ఎలా

బ్యాంకాక్‌కు కొత్తగా వచ్చి, మొదటి నెల తిండి ఖర్చు చూసి బెంబేలెత్తేవాళ్లలో ఎక్కువమంది థాయ్ తిండి తిన్నవాళ్లు కారు. ఏం తింటే ఏమవుతుందోనని మాల్‌లో తిన్నవాళ్లు, గదికి తెప్పించుకున్నవాళ్లు, పప్పన్నం కోసం సుఖుమ్‌విత్, సీలోమ్ వైపు భారతీయ హోటళ్ల చుట్టూ తిరిగినవాళ్లు. అక్కడ ఒక దోసెకు పెట్టే డబ్బుతో వీధి చివర రెండు పూటల అన్నం కూర వస్తుంది.

ఇక్కడ ధరను తేల్చేది వంటకం కాదు, కొట్టు. అదే కఫ్రావ్ అన్నం, అంటే తులసి ఆకు వేసిన వేపుడుతో అన్నం, వీధి బండి దగ్గర 60 బాత్, మాల్ ఫుడ్‌కోర్టులో 65, అదే మాల్‌లో ఏసీ హోటల్లో 160, ఫోన్‌లో తెప్పించుకుంటే బండివాడిదే 100 దాకా. రుచి మాత్రం ధరతో పాటు పెరగదు. చాలాసార్లు బండి దగ్గరే బాగుంటుంది. కాబట్టి ముందు కొట్లను గుర్తుపట్టడం నేర్చుకోండి, వంటకాలు తర్వాత. బాత్ విలువ కొంతకాలంగా రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతోంది. తినే ప్రతిసారీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ముద్ద దిగదు, నెలకు ఒకసారి చాలు.

మొదటి మెట్టు: మాట

థాయ్ మాటలు పలకడంలో తెలుగువాళ్లకు ఒక అదృష్టం ఉంది. ఒత్తు ఉన్న అక్షరానికీ లేని అక్షరానికీ వాళ్లూ మనలాగే తేడా పాటిస్తారు. కై అంటే కోడి, ఖై అంటే గుడ్డు. ఇంగ్లిష్ అక్షరాల్లో చదివి నేర్చుకునేవాళ్లు తంటాలు పడే ఈ తేడా మనకు ఒక్క ఒత్తు. కింద ఫ అని రాసినచోట మాత్రం పెదవి కొరికి గాలి ఊదకండి. అది ‘ప’కు ఒత్తు, పాతకాలం పంతుళ్లు ఫలం అన్నప్పటి ఫ.

ఇంకొకటి, సంస్కృతం, పాళీ మాటలు థాయ్‌లో బోలెడు. ఆహాన్ అంటే ఆహారం. మంగ్సవిరత్ అంటే మాంసవిరతి, అంటే శాకాహారం. ఫిసేత్ అంటే విశేష, హోటల్లో ‘పెద్ద ప్లేటు’ అని అర్థం. థమ్మదా అంటే మామూలు ప్లేటు. రోత్ అంటే రసం, రుచి. ఇవి ఒక్కసారి చెవిన పడితే మరిచిపోరు.

రోజూ పనికొచ్చేవి ఇవి:

మై సై: వేయొద్దు. దీని తర్వాత ఆ వస్తువు పేరు.
మై కిన్: తినను. మై కిన్ నుఆ అంటే గొడ్డుమాంసం తినను, మై కిన్ మూ అంటే పంది తినను.
థావ్ రై: ఎంత?
క్లప్ బాన్: ఇంటికి పట్టుకెళ్తాను, కట్టివ్వండి.
కెప్ తంగ్: డబ్బులు తీసుకోండి. మాల్ హోటల్లో అయితే చెక్ బిన్.

మాట చివర మగవాళ్లు ఖ్రప్, ఆడవాళ్లు ఖా తగిలించాలి. ‘అండీ’ లాంటిదే. అది లేకుండా అడిగితే అన్నం పెడతారు కానీ మొహంలో నవ్వు తగ్గుతుంది. ధర చెవిన పడేందుకు హా సిప్ (50), హోక్ సిప్ (60), చెత్ సిప్ (70) నేర్చుకుంటే వీధి భోజనాల్లో చాలావరకు గట్టెక్కుతారు.

రెండో మెట్టు: కొట్టును గుర్తుపట్టడం

ఖావ్ క్యాంగ్ కొట్టు. పళ్లేల్లో పదిపన్నెండు కూరలు వరుసగా పేర్చి ఉంటాయి. మన కర్రీ పాయింట్‌కు దగ్గరి చుట్టం, కాకపోతే ఇక్కడ అన్నం మీదే పోసి ఇస్తారు. వేలితో చూపిస్తే చాలు. ఒక కూరతో 40 నుంచి 50, రెండు కూరలతో 50 నుంచి 60, పైన ఖై దావ్, అంటే వేయించిన గుడ్డు, ఇంకో 10. కొత్తవాళ్లు మొదటి వారమంతా ఇక్కడే తినాలి, ఎందుకంటే కంటితో చూసి కొనే తిండి ఇదొక్కటే. ఇక్కడ జరిగే పొరపాటు వేళ. కూరలు తెల్లవారుజామున వండేస్తారు. పదకొండు, పన్నెండింటికి వెళితే తాజాగా ఉంటాయి, ఎంచుకోవడానికి మిగిలి ఉంటాయి. మూడు దాటాక ఎండలో నిలిచిన కొబ్బరిపాల కూర జోలికి పోకండి. కడుపు పాడైందని వీధి తిండి మొత్తాన్ని తిట్టేవాళ్ల కథ చాలావరకు ఇలాంటి పళ్లెం దగ్గరే మొదలవుతుంది.

ఆహాన్ తామ్ సంగ్ కొట్టు. ‘చెప్పింది వండే’ కొట్టు. ముందు అద్దాల పెట్టెలో కూరగాయలు, మాంసం, గుడ్లు. వెనక ఒక మూకుడు, ఒక మనిషి. 50 నుంచి 70. వేయొద్దన్నది వేయకుండా చేయించుకోగలిగేది ఇక్కడే, కాబట్టి పథ్యాలు ఉన్నవాళ్లకు ఇదే దిక్కు. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆఫీసు జనం పోటెత్తుతారు. ఆ గంటలో మీ నాలుగు షరతులు వినే ఓపిక వంటామెకు ఉండదు. పదకొండున్నరకో ఒంటిగంట దాటాకో వెళ్లండి.

ఒకే వంటకం అమ్మే కొట్టు. చికెన్ ఉడికించిన నీళ్లలో వండిన అన్నం ఖావ్ మన్ కై, నూడుల్స్ అమ్మే కువాయ్ తియావ్ బండి, బొప్పాయి సలాడ్ సోమ్ తమ్ బండి. ఏళ్ల తరబడి అదొక్కటే చేస్తారు కాబట్టి రుచికి తిరుగుండదు, సోమ్ తమ్ తప్ప మిగతావాటిలో మార్పులకు చోటుండదు. నూడుల్స్ పులుసు దాదాపు ఎప్పుడూ పంది ఎముకలదే. ‘చికెన్ నూడుల్స్’ అని అడిగినా నీళ్లు అవే కావచ్చు. పంది తిననివాళ్లు ఆకుపచ్చ హలాల్ గుర్తున్న ముస్లిం కొట్లు వెతుక్కోవాలి. అక్కడే ఖావ్ మోక్ కై కూడా దొరుకుతుంది: పసుపు అన్నం, కోడి ముక్క, మీద వేయించిన ఉల్లి, పక్కన తీపీ పులుపూ కలిసిన ఆకుపచ్చ చట్నీ. థాయ్ బిర్యానీ అంటారు కదా అని హైదరాబాద్‌ను మనసులో పెట్టుకుని వెళ్లకండి. వేరే వంటకంగా తింటే బాగుంటుంది. హలాల్ కొట్లో పంది ఉండదు కానీ గొడ్డుమాంసం ఉండొచ్చు, అది గుర్తుంచుకోండి.

మాల్ ఫుడ్‌కోర్టు. ముందు కౌంటర్లో కార్డు తీసుకుని 200 వేయించుకోండి, తిన్నాక మిగిలింది వెనక్కి తీసుకోండి. అదే రోజు తీసుకోవడం మంచిది. మరిచిపోయి ఇంటికి తెచ్చుకున్న కార్డులు చాలామంది సొరుగుల్లో మూలుగుతుంటాయి. అసోక్‌లో టెర్మినల్ 21 మాల్ పైఅంతస్తులో ఉన్న పియర్ 21 లాంటి చోట్ల ధర వీధి ధరతో సమానం, ఏసీ ఉచితం. ఒక మూల శాకాహార కౌంటర్ కూడా తరచూ ఉంటుంది.

మాల్ హోటళ్లు, కాస్త పేరున్న హోటళ్లు. మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉన్నాయేమో చూడండి. ఉంటే 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద 7 శాతం పన్ను కలుస్తాయి. 300 అనుకున్నది 353 అవుతుంది. కొన్నిచోట్ల టేబుల్ మీద ముందే పెట్టిన పల్లీలు, తడి రుమాలు, ఐస్ గ్లాసు కూడా బిల్లులోకి ఎక్కుతాయి. వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సముద్రపు చేపలు, రొయ్యలు తినే చోట మాత్రం కళ్లు పెద్దవి చేసి చూడాలి. ధర తరచూ ఖీత్ లెక్కన రాస్తారు. ఒక ఖీత్ అంటే 100 గ్రాములు. చేప 80 అని చూసి సంబరపడితే, కిలో చేపకు 800 కట్టి బయటపడతారు. వండకముందే తూకం వేయించి, మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి.

మూడో మెట్టు: కారం, తీపి, ఉప్పు సరిచేసుకోవడం

గుంటూరు కారం తిన్న నోరు అని ధీమాగా ఫెత్ ఫెత్ (బాగా కారం) అని చెప్పేయకండి. మన కారం ఎక్కువగా ఎండుమిరప పొడి. నూనెలో వేగి, చింతపండుతోనో పప్పుతోనో కలిసి మెత్తబడి వస్తుంది. ఇక్కడ వేలి గోరంత పచ్చిమిరపకాయల్ని, ఫ్రిక్ ఖీ నూ అంటారు, పచ్చిగానే దంచుతారు. నాలుక మీద సూదిలా దిగుతుంది. సోమ్ తమ్‌కు కారం మాటల్లో కాదు, కాయల లెక్కలో చెప్పండి: ఫ్రిక్ సోంగ్ మెత్, అంటే రెండు కాయలు. మొదటిసారి రెండుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. మై ఫెత్ (కారం వద్దు) అన్నా రోట్లో అంటుకున్న పాత కారం కొంత వస్తుంది.

అసలు ఇబ్బంది కారం కాదు, తీపి. కూరలో, నూడుల్స్‌లో, పళ్లరసంలో చక్కెర పడుతుంది. కాఫీ, టీలకు వాన్ నోయ్ (తీపి తక్కువ) అనండి. అన్నాక కూడా మన లెక్కకు తియ్యగానే ఉంటుంది.

బల్ల మీద నాలుగు గిన్నెల స్టాండు ఒకటి ఉంటుంది: చక్కెర, చేపల సారం, మిరపముక్కలు నానబెట్టిన వెనిగర్, ఎండుమిరప పొడి. వంటవాళ్లు సగం రుచి మీకు వదిలేసి పంపుతారు, అందుకే నూడుల్స్ మొదటి గుటకకు చప్పగా అనిపిస్తాయి. ముందు రెండు చెంచాల వెనిగర్ వేసి చూడండి. మన నాలుకకు లోటుగా ఉన్నది చాలావరకు పులుపే.

నాలుగో మెట్టు: శాకాహారులకు

‘మంగ్సవిరత్’ అంటే సరిపోతుందనుకోవడం మొదటి పొరపాటు. ఆ మాటకు మాంసం ముక్కలు ఉండవు అని మాత్రమే చాలామంది అర్థం చేసుకుంటారు. కూరగాయల వేపుడులో ఆయిస్టర్ సాస్, ఉప్పుకు బదులు చేపల సారం (నమ్ ప్లా), కారం ముద్దలో రొయ్యల ముద్ద ఉంటాయి. ఆ రొయ్యల ముద్ద పేరు కపి. పేరు చూసి హనుమంతుణ్ని తలుచుకోకండి. ఆకుపచ్చ కూర, ఎర్ర కూర, ఏదైనా సరే కొబ్బరిపాల కూరల ముద్దలో అది ముందే కలిసి ఉంటుంది, కాబట్టి ‘వేయొద్దు’ అనడం కుదరదు. సోమ్ తమ్‌లో ఎండురొయ్యలు (కుంగ్ హ్యాంగ్), చేపల సారం రెండూ ఆపమనాలి.

పక్కాగా పనిచేసే మాట చే. ఇది చైనా వైపు నుంచి వచ్చిన నియమం: మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి ఏవీ ఉండవు. కార్తీకంలో ఉల్లి మానేసేవాళ్లకు అచ్చంగా సరిపోతుంది. గుర్తు పసుపు జెండా మీద ఎర్ర అక్షరం. చదవడం రాకపోతే అంకె 17 లాంటి ఆకారాన్ని వెతకండి. అదే గుర్తు సూపర్‌మార్కెట్లో సాసు సీసాల మీదా, బిస్కెట్ల మీదా ఉంటుంది. చైనా పంచాంగం తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు, అంటే సాధారణంగా అక్టోబర్ ప్రాంతంలో, చే పండగ. బ్యాంకాక్ చైనాటౌన్ యావరాత్ వీధి పొడవునా పసుపు జెండాలే. చాలా ఏళ్లు ఇది మన దసరా నవరాత్రులతో దాదాపు కలిసి వస్తుంది, సీలోమ్ మారియమ్మ గుడి ఉత్సవాలూ అప్పుడే. బ్యాంకాక్‌లో శాకాహారికి అంతకన్నా మంచి రోజులు లేవు.

మిగతా రోజుల్లో ఆహాన్ తామ్ సంగ్ కొట్లో ఇలా చెప్పండి: ‘కిన్ చే’ (చే తింటాను), తర్వాత ‘మై సై నమ్ ప్లా’, ‘మై సై నమ్మన్ హోయ్’ (ఆయిస్టర్ సాస్ వద్దు). అడగదగ్గది ఫత్ ఫక్ బుంగ్. ఫక్ బుంగ్ అంటే తూటికూర. పొద్దున పూట వేడి సోయాపాలు, నమ్ తావ్ హూ, 10 నుంచి 15 బాత్. మూకుడు మాత్రం అందరిదీ ఒకటే. అది భరించలేనివాళ్లు చే కొట్టుకే వెళ్లాలి.

గొడ్డుమాంసం తినననడం ఇక్కడ వింత కాదు. గువాన్ యిన్ దేవతను కొలిచే థాయ్ చైనీయులు చాలామంది అది ముట్టరు. నిస్సంకోచంగా చెప్పండి. పడవ నూడుల్స్ చిన్న గిన్నెలు 15, 20 బాత్‌లకు చవకగా కనిపిస్తాయి కానీ ఆ పులుసును పంది లేదా పశువు రక్తంతో చిక్కబరుస్తారు. తెలిసి తింటే సరే.

అయిదో మెట్టు: నీళ్లు, ఐస్, చిల్లర

కుళాయి నీళ్లు తాగొద్దు. అపార్ట్‌మెంటు కింద లీటరుకు 1 బాత్ చొప్పున నీళ్లు పోసే యంత్రం ఉంటుంది. ఫిల్టర్ మార్చిన తేదీ అంటించి ఉందో లేదో చూసి పట్టుకోండి. మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ఐస్ ఫ్యాక్టరీలో శుభ్రమైన నీళ్లతో చేసేది, భయం లేదు. పెద్ద దిమ్మ నుంచి చెక్కి తీసిన ఐస్ చేపల కింద వేయడానికి, గ్లాసులోకి కాదు.

థాయ్ బ్యాంకు ఖాతా తెరిచాక బండి దగ్గర కూడా ప్రాంప్ట్‌పే క్యూఆర్‌తో కట్టొచ్చు. అప్పటిదాకా 20, 50, 100 నోట్లు జేబులో ఉండాలి. పొద్దున్నే బండివాడి చేతిలో 1000 నోటు పెడితే అతను చేతులెత్తేస్తాడు. సెవెన్ ఇలెవెన్‌లో నీళ్ల సీసా కొని విడిపించుకోండి. భారతీయ కార్డుతో ఏటీఎంలో తీస్తే ప్రతిసారీ 220 బాత్ పైన అక్కడి బ్యాంకే కోసుకుంటుంది. 1000 తీసినా అంతే, 20,000 తీసినా అంతే, కాబట్టి చిన్నచిన్నగా తీయకండి.

ఆరో మెట్టు: నెల లెక్క వేసుకోవడం

ఒంటరిగా ఉండి, వంట చేసుకోని ఉద్యోగి లెక్క ఇలా వేద్దాం. పొద్దున 40, మధ్యాహ్నం 60, రాత్రి 70, నీళ్లూ పళ్లూ 40. రోజుకు 210, ముప్పై రోజులకు 6,300. వారానికో రాత్రి మాల్‌లో 350 పెట్టారనుకోండి. నాలుగు మామూలు రాత్రుల 280 తీసేసి 1,400 కలిపితే 7,420. ఇంతవరకు అందరూ వేసుకునే లెక్కే.

జేబుకు చిల్లు పెట్టేది ఆఫీసు కింది కాఫీ. ఏసీ కాఫీషాపులో 110, పక్క బండిమీద ఐస్ కాఫీ 40. ఇరవై రెండు పనిరోజులకు మొదటిది 2,420, రెండోది 880. తేడా 1,540, అంటే నాలుగు మాల్ భోజనాలకన్నా ఎక్కువ. రెండో చిల్లు డెలివరీ. గ్రాబ్, లైన్ మ్యాన్ లాంటి యాప్‌లలో వంటకం ధరే కొట్టు ధరకన్నా తరచూ 10, 20 బాత్ ఎక్కువ ఉంటుంది, దానిమీద డెలివరీ. వానాకాలం సాయంత్రాలు అందరూ ఒకేసారి తెప్పించుకుంటారు కనుక ఆలస్యం, అదనం రెండూ. కొట్టు రెండు వీధుల్లోపు ఉంటే గొడుగేసుకుని వెళ్లి క్లప్ బాన్ అనండి.

పళ్లకు కాలం చూడండి. మామిడి ఏప్రిల్, మే నెలల్లో చవక, రుచి. ఆ తర్వాత రెండింటా తేడా కొడుతుంది. బండిమీద కోసి సంచిలో ఇచ్చే పుచ్చ, జామ, పైనాపిల్ 20, 30 బాత్. దురియన్ సరదాగా కొన్నా మెట్రోలోకి, బస చేసే హోటల్లోకి తేనివ్వరు, కొన్నచోటే తినేయండి.

ఏడో మెట్టు: ఇంట్లో వంట

కుటుంబం ఉంటే వారంలో సగం ఇంట్లో వండితేనే లెక్క నిలుస్తుంది. చాలా అపార్ట్‌మెంట్లలో గ్యాస్ పొయ్యి పెట్టనివ్వరు. ఇండక్షన్ పొయ్యి కొనుక్కోండి, పోపు పెట్టేముందు బాల్కనీ తలుపు తీసి గది తలుపు మూయండి.

బియ్యం దగ్గర తప్పటడుగు వేయకండి. పేరుమోసిన హోమ్ మలి సువాసన బియ్యం మెత్తగా, జిగురుగా ఉడుకుతుంది. థాయ్ కూరకు అదే సరి, కానీ పులిహోర కలిపితే ముద్ద. సోనామసూరి అలవాటున్నవాళ్లు ఖావ్ సావ్ హై అనే పొడిపొడి రకం అడగాలి. హోమ్ మలికి గ్లాసుకు గ్లాసు నీళ్లు, ఇంకాస్త. సావ్ హైకి గ్లాసుకు ఒకటిన్నర. కందిపప్పు, ఆవాలు, కరివేపాకు పహురాత్ బజారులో దొరుకుతాయి, సామ్ యోత్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పెరుగు డబ్బా మీద రోత్ థమ్మఛాత్ (సహజ రుచి) అని ఉన్నా అందులో చక్కెర ఉండొచ్చు. వెనక పోషకాల పట్టిక చూడకుండా తాలింపు పెట్టకండి.

వారంవారం సంతలో మనకు తెలిసినవే వేరే వేషంలో కనిపిస్తాయి. తమ్లుంగ్ అంటే దొండాకు. కాయ వదిలేసి ఆకును చారులో వేస్తారు. చలికాలంలో వేపపూత కట్టలు కూరగాయల వరసలో అమ్ముతారు. కఫ్రావ్ అంటే సాక్షాత్తూ తులసి. వేపుడులో తులసి తినడం మనసొప్పనివాళ్లు హోరఫా అనే ఇంకో ఆకు వాడుకోవచ్చు. రుచి మారుతుంది, పని జరుగుతుంది.

ఒకరికి కఫ్రావ్ వేపుడు ఇలా: 5 వెల్లుల్లి రెబ్బలు, 4 చిన్న మిరపకాయలు కచ్చాపచ్చాగా దంచండి. మూకుడు బాగా కాగాక రెండు చెంచాల నూనె, దంచినది వేసి పదిహేను సెకన్లు. 150 గ్రాముల చికెన్ కీమా వేసి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు. ఒక పెద్ద చెంచా ఆయిస్టర్ సాస్, చిన్న చెంచా సోయాసాస్, చిన్న చెంచా చేపల సారం, అర చెంచా చక్కెర. చివరికి పొయ్యి ఆపేసి గుప్పెడు ఆకు వేసి రెండుసార్లు తిప్పండి. శాకాహారులు టోఫూ, పుట్టగొడుగులు వేసి, ఆయిస్టర్ సాస్ బదులు చే గుర్తున్న పుట్టగొడుగుల సాస్ పోసుకుని, చేపల సారం మానేసి చిటికెడు ఉప్పు పెంచాలి.

నీళ్లూరి ఉడికిన కూరలా వచ్చిందంటే ఒకేసారి ఎక్కువ మాంసం వేశారు. ఇండక్షన్ మీద ఇద్దరికి చేయాలన్నా రెండు విడతలుగా చేయండి. ఆకు నల్లబడి వాసన పోయిందంటే మంట మీదుండగానే వేశారు. అంతా కలిపి ప్లేటుకు 30, 35 బాత్ పడుతుంది, బండిమీది దానిలో సగం. సాసు సీసాలు మూడూ కొనడానికి మొదటిసారి అయ్యే 150 మాత్రం అయిదారు ప్లేట్లు వండాక గానీ తిరిగి రాదు. నెలకు రెండుసార్లు మించి వండని ఇంట్లో ఆ సీసాలు కొనడం దండగ, బండి దగ్గరికే వెళ్లండి.